కార్ఖానకు తాళం

నక్సలైటు అన్నలు ఊళ్లల్లో తిరుగుతున్న రోజులు. జగిత్యాలలో ఒక మేడ మీది గది. రాయికల్ బీడీ కార్ఖాన నడిపే మదన్ మోహన్ రావు, అక్కడ బీడీలు చేసే సత్తవ్వ. తోడు వచ్చిన రాములవ్వ గడపవతల నిలబడి ఉంది.

"తాళం తీసుడెందుకే సత్తవ్వా? ఎవలింట్ల వాళ్లు నీడపట్టున కూసోని చేసుకోండ్రి అని నేనే చెప్తి గద. బుద్ధి పుడితే చేస్తరు, నిద్రస్తే పంటరు. గిసొంటి నౌకరీ కలెక్టరుకు గూడ లేదు."

"నిద్రెక్కడిది దొరా. పొయ్యికాడ ఉంటే బీడీలు ఆగుతయి, బీడీలకాడ ఉంటే కూర మాడుతది. కార్ఖానల ఉన్నప్పుడు పొద్దుగూకంగ చేట పక్కకు వెట్టి లేస్తుంటిమి. ఇప్పుడు చేట ఒళ్లె ఉండంగనే కునుకుతున్నం."

"అలవాటైతది, అలవాటైతది. మొన్న హైద్రాబాదుల పెద్ద మీటింగైంది. బొంబాయికెల్లి ఒకాయన అచ్చి చెప్పిండు. పనోళ్లకు గడియారం చూపెట్టేటోడు మేస్త్రి, స్వేచ్ఛ ఇచ్చేటోడు లీడరు అని. చప్పట్లే చప్పట్లు!"

"మీరు లీడరే దొరా, ఎవలు కాదన్నరు. కని మా మనుమరాలికి దగ్గు ఆగుతలేదు. ఇంక ఏడాది నిండని పొల్ల."

"దగ్గు బిళ్ల ఇయ్యి."

"డాక్టరు దగ్గరికి వోయినం. ముందుగాల ఇంట్లకెల్లి తంబాకు బయట పెట్టుండ్రి, లేకుంటే పొల్ల దక్కది అన్నడు. మాకున్నది ఒక్కటే అర్ర. అండ్లనే వంట, అండ్లనే పడక, అండ్లనే తంబాకు దుమ్ము."

"కిటికీ తెరువు."

"ఉంటే తెరుద్దుము."

"వాకిట్ల కూసో."

"వానలు దొరా. ఆకు నానితే బీడీ చుట్టరాదు. చుట్టినా, లెక్క రాసుకునే మీ మునీం పనికిరాదని అవుతల పారేస్తడు."

"చూడు, మీ పానం మంచిగుండాలనే నా ఆలోచనంత. ఒక పని చేద్దం. అందరికి బలం మందు సీసలు పంచుత. ఫోటో గూడ దిగుదం."

"సీస తాగి పొల్ల యాడ పండాలె దొరా? గా తంబాకు బస్తా మీదనా?"

"ఏందే, మాటకు మాట... ఆగు. ఆఁ, శోభా! ఒలుస్తున్న! ఎల్లిపాయలు ఒలుస్తనే ఉన్న! ... చూసినవా మా ఇంటామెను? చిట్టా ముందటేసుకుంటె చాలు, పాలోడచ్చిండు చూడుండ్రి, పప్పు పొంగుతాంది చూడుండ్రి. ఇంట్ల ఉన్నోడు ఖాళీగున్నట్టేనట! నిమిషం నిమ్మళం లేదు. పిచ్చి లేస్తాంది నాకు."

"ఔ దొరా. గదే చెప్పనీకచ్చిన."

"నాది వేరు, నీది వేరు."

"మరి మీరెందుకు కార్ఖానకు వస్తలేరు?"

"నేనా? నేను... దూరంకెల్లి నడిపిచ్చుడు. కొత్త పద్ధతి. పైంగ డాక్టరు గాలి మార్పు గావాలన్నడు."

"రెండేండ్ల సంది గాలి మారుస్తనే..."

"సత్తవ్వా!"

"తప్పైంది దొరా."

"ఎరికుండి అడుగుతవేందే? మొన్న ఎండకాలం పట్టపగలు అన్నలు కార్ఖానల జొచ్చి మీ అందరిని కూసోవెట్టి మాట్లాడిరి. అందరు ఒక్కకాడ దొరికితే వాళ్లకు అల్కగ. తాళం ఏసిన, మీరు తలో దిక్కు వోయిండ్రు. ఇగ ఎవలికి చెప్తరు? ఎట్లున్నది నా తెలివి?"

"మంచిగనే ఉన్నది. కని..."

"కని?"

"ఏం లేదు తియ్యిండ్రి. మీరు రంది వడుతరు."

"చెప్పే!"

"అప్పుడంటే ఒక్కపూట అచ్చి పోయిండ్రు. గిప్పుడు ఇంటింటికి అస్తాండ్రు దొరా. ఇయ్యాల ఒకలింటికి, రేపు ఒకలింటికి. వాళ్ల మాట అప్పుడు ఆడోళ్లమే వింటిమి. ఇండ్లల్లనైతే మొగోళ్లుంటరు, పక్కింటోళ్లుంటరు. ఊరు ఊరే వింటాంది."

"ఇంటింటికా? ఏమంటాండ్రు?"

"మీ దొర యాడుంటడు అని అడుగుతాండ్రు."

"చెప్పిండ్రా?"

"ఛ! జగిత్యాల అని మేమెందుకు చెప్తం."

"అయ్యో, మునీం నాకొక్క మాట చెప్పకపాయె!"

"ఆయన గూడ ఇంటికాన్నుంచే పని చేస్తాండు గద దొరా."

"ఇగో తాళంచెయ్యి, పట్టు. రేపటి సంది అందరు కార్ఖానలనే కూసోవాలె. ఒక్కదాని ఇంట్ల తంబాకు కనవడొద్దు. ఇంటికాడ చేస్తనంటె ఒప్పుకోను. సమజైందా? ఇది నా ఆర్డరు!"

"లీడరు మాట దొరా. కాదంటమా?"

"పొయ్యేటప్పుడు తలుపు దగ్గరికెయ్యి. గట్టిగ."

మెట్లు దిగాక, వీధిలో.

"ఓ సత్తక్కా, అన్నలు మీ ఇంటికి ఎప్పుడచ్చిరే? నాకొక్క మాట చెప్పకపోతివి."

"ఎవలచ్చిరే రాములూ? గా అర్రల మా పొల్లకే గాలాడది, అన్నలకు కూసోనీకి జాగేడిది? నడువు, బస్సు పోతది."