బొజ్జిరెడ్డి ముడులతాడు

ఆ వాగవతల చింతచెట్టు ఉందే, దాని కాయ రాలి మట్టిలో కుళ్ళాల్సిందేగానీ మనూళ్ళో ఒక్క ఆడమనిషి ఒళ్ళోకి ఏరుకోదు. ఎందుకని ఎప్పుడైనా అడిగారా? అడగరు. పులుసులోకి ఇంత చింతపండు ఉంటే చాలు మీకు. సరే, ఇలా దగ్గరికి జరగండి, ఆ నెగడు కాస్త ఎగదొయ్యమ్మా, చెప్తాను.

మా ముత్తాతల నాడు అక్కడ కొండరెడ్ల ఊరుండేది. తెల్లదొరల దండు గోదారి ఒడ్డున గుడారాలేసి, కొండ మీద పోడు కొట్టొద్దు, అడవి మాది అంది. మీదని ఎవరన్నారని నాలుగూళ్ళ కొండోళ్ళూ ఎదురు తిరిగారు, తిరిగాక మరి దండు ఊరుకుంటుందా, ఊళ్ళు తగలబెడతామంది. అందుకని పెద్దలు ఊరికో తాడు పంపారు, తాడుకి ఏడు ముడులు. పొద్దు పొడిచినప్పుడల్లా ఒకటి విప్పాలి, ఆఖరిది విప్పిన రోజున పిల్లాజెల్లాతో పైకొండ ఎక్కెయ్యాలి. వాళ్ళకి పంచాంగమైనా గడియారమైనా అదే. ఆ ఊళ్ళో తాడు బొజ్జిరెడ్డి చేతిలో పెట్టారు. ఒకరి చేతిలో పెట్టాక ఇంకొకరు ముట్టకూడదు.

మూడు ముడులు విప్పాడు, నాలుగోనాడు తెల్లారేసరికి వాళ్ళమ్మ పోయింది. మైల కదా, మూడోనాటి స్నానం అయ్యేదాకా కత్తీ తాడూ ముట్టరు. పెళ్ళాం చిన్నాలు అంది, మనకి మైలొచ్చిందని దండు ఆగుద్దా, పోనీ నేను విప్పనా అని. నీకు మాత్రం మైల లేదా, నాలుగూళ్ళకీ కీడు తెస్తావా అని కసిరాడు. మంచోడేనమ్మా, కానీ నియమం తప్పితే చస్తాననుకునే రకం. అయినా కాలు నిలిస్తే ఒట్టు, గుమ్మంలోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి గుమ్మంలోకి, మూడు రోజులూ అదే తిరుగుడు. ఊరు మాత్రం తాడు మీద భారం వేసి నిబ్బరంగా ఉంది.

ఏడోనాడు నాలుగో ముడి విప్పి, ఇంకా మూడు రోజులుందన్నాడు. మర్నాడు ఐదోది విప్పి, జీలుగు కల్లు గీయడానికి కొండెక్కాడు. పైనుంచి చూస్తే ఏముంది, మిగతా మూడూళ్ళ జనం అప్పటికే పైకొండ మీద పొయ్యిలు పెట్టుకుని ఉన్నారు, కింద తన ఊరు మండుతోంది. పడుతూ లేస్తూ వచ్చేసరికి చిన్నాలూ లేదు, ఇద్దరు పిల్లలూ లేరు.

ఆ చింత కిందే, మిగిలిన రెండు ముడుల తాడు పట్టుకుని, తిండీ నీళ్ళూ మానేసి పోయాడు. పూర్తిగా పోతే బావుండును, పోలేదుగా! పొద్దువాలాక అటెళ్ళినవాళ్ళకి తాడు చాపుతాడు, నా చేతులు మైల, నువ్వు విప్పిపెట్టు తల్లీ అని బతిమాలతాడు. మా పెత్తల్లి వీరమ్మ జాలిపడి విప్పింది. ఏమైంది? వాడి తొందర ఆవిడకి అంటుకుంది. ఇంటికొచ్చి మూటలు కట్టింది, లేవండి, కొండెక్కండి అని అందర్నీ తరిమింది, బతికినన్నాళ్ళూ కంచం ముందు నిమిషం కూర్చోలేదు, చివరికి ఆ మూటల మీదే ప్రాణం వదిలింది.

కాబట్టి అటు పోకండి. పోయే ఖర్మే పట్టిందనుకోండి, తాడు ముట్టకుండా, మా ఇంట్లోనూ మైలే తాతా అనండి. ఆ మాటకి మాత్రం తాడు వెనక్కి తీసుకుని దారిస్తాడు. చచ్చినా ఆ నియమం దాటలేడు.