సెకనుకి ఒక్క మెగాబైటు

ఆకివీడు నెట్ సెంటర్లో నాలుగైంది. చెరువులు ఎవరివో తేల్చే విచారణకు సాక్ష్యం సాయంత్రం ఐదింటిలోగా నెట్‌లో చేరాలి. ఇప్పుడు బతికి లేని పన్నెండు మంది పెద్దలు తమ తమ గట్లు చూపిస్తూ మాట్లాడిన వీడియోలు ఊరి తరఫున అబ్బాయిరాజు తెచ్చిన పాత డిస్కులో ఉన్నాయి.

"ముప్పై ఆరు జీబీ. మీ ఫైబర్ నెట్ సెకనుకి వంద కదమ్మా, ఆరు నిమిషాల పని."

"ఆ వంద మెగాబిట్లండీ. ఎనిమిదితో భాగించాలి. పన్నెండున్నర మెగాబైట్లే," అంది సెంటర్ నడిపే రేహానా.

"అయినా గంటలోపే కదా?"

"ఫైబర్‌కైతే అంతేనండీ. మీ డిస్కే సెకనుకి ఒక్క మెగాబైటు ఇస్తోంది. పది గంటలు పడుతుంది. పొద్దున్నే తేవాల్సింది."

"పోయినోళ్ల మాటలు మళ్లీ వింటామని ఊరంతా కూర్చుంది. ఆరు నిమిషాలే కదా, తీరిగ్గా చూడండని నేనే అన్నాను. పదేళ్లు కొట్లాడి, లెక్క దగ్గర చచ్చాను."

"ఒక్కొక్కరిదీ మూడు జీబీ. ఐదింటిలోగా ఒక్కరిదే వెళ్తుందండీ. ఆ ఒక్కరి చెరువే నిలుస్తుంది. ఎవరిది పంపను?"

గుమ్మం బయట పన్నెండు ఇళ్లవాళ్లూ పనైపోయిందనుకుని నవ్వుతూ టీ తాగుతున్నారు. అబ్బాయిరాజు అటు చూడలేకపోయాడు.

"మా నాన్నది తప్ప ఎవరిదైనా పంపమ్మా."