అటక మీద పుట్టింది

ఆలమూరు దగ్గర ఆ మండువా ఇల్లు కట్టి నూరేళ్ళయింది. చుట్టాలంతా వాకిట్లో ఫొటోకి సర్దుకుంటుంటే, విందుకు చేపలు తెచ్చిన ఆమెను ఇంటి పెద్దావిడ పెరటి గుమ్మంలో ఆపింది.

“చేపలు అక్కడ పెట్టేసి చేతులు కడుక్కో. ఫొటోలో నువ్వూ ఉండాలి.”

“నేనెందుకండీ మామ్మగారూ? అది మీ ఇంటివాళ్ళ ఫొటో కదండీ.”

“ఎనభయ్యారు వరదలో మీ లంక మునిగితే, నిండు నెలలతో ఉన్న మీ అమ్మని పడవలో ఇక్కడికే తెచ్చేరు. ఇంట్లోకీ నీళ్ళొచ్చేస్తుంటే మా అత్తగారూ నేనూ ఆవిణ్ణి అటకెక్కించాం. తెల్లారేసరికి నువ్వు కేరుమన్నావు.”

“ఆయ్, అమ్మ చెప్పేదండీ. మీ అత్తగారి పట్టుచీరలో చుట్టేరంటగా నన్ను?”

“పొడిగా మిగిలింది అదొక్కటే మరి!”

“అయినా ఇంతమంది సొంతవాళ్ళుండగా నేనేం బాగుంటానండీ?”

“ఇందాక ఫొటోగ్రాఫరు, ఈ ఇంట్లో పుట్టినవాళ్ళు ముందు కూర్చోండి అన్నాడు. ఒక్కరూ కదల్లేదు.”

“అయ్య బాబోయ్! అదేంటండీ?”

“నా పిల్లలు మా అమ్మగారింట్లో పుట్టేరు. మనవలంతా అమలాపురం ఆసుపత్రిలో. మా ఆయన ఇక్కడే పుట్టేరు గానీ, ఆయనిప్పుడు లేరు. ఇంక మిగిలింది నువ్వే.”

“నిజమేనాండీ?”

“ముందు కుర్చీ ఖాళీగా పెట్టుకుని అందరూ నీకోసమే చూస్తున్నారు. నడు.”

“ఒక్క నిమిషం ఆగండి మామ్మగారూ.”

ఆమె కళ్ళూ చేతులూ చెంగుతో తుడుచుకుని ఫోన్ తీసింది.

“అమ్మా! నువ్వు అన్నం తినెయ్యి, నాకోసం చూడకు. నేను పుట్టింట్లో ఉన్నాను.”