కోజి గది గుమ్మం దగ్గర

జపాన్‌లోని నీగతాలో, బియ్యంతో సాకే అనే మద్యం చేసే ఒక కార్ఖానా. చూడ్డానికి వచ్చినవాళ్లు చేతులు కడుక్కుని, తెల్ల టోపీలు పెట్టుకుని, అన్నానికి బూజు పట్టించే కోజి గదిలోకి ఒక్కొక్కరే వెళ్తున్నారు. ఆఖర్న నిలబడ్డ ముసలాయన్ని ఆ కార్ఖానా పెద్ద మేస్త్రీ ఆపింది. ఆమె ఆయన కూతురే.

"నాన్నా, పొద్దున ఏం తిన్నారు?"

"నన్ను కూడా అడుగుతావా?"

"అందర్నీ అడిగాను. చెప్పండి."

"అన్నం, మిసో చారు... కాస్త నత్తో."

"నత్తోనా! ఆ జిగురు సోయాగింజల క్రిమి లోపలికి పోతే ఈ ఏటి సాకే అంతా పాడైపోతుందని నాకు నేర్పింది మీరే కదా!"

"నేనే. నలభై ఏళ్లు, సాకే చేసే చలికాలంలో దాన్ని ముట్టలేదు. తిని వచ్చాడని గెన్‌జోని పనిలోంచి తీసేశాను కూడా. చలికాలమని గుర్తు రాలేదమ్మా."

"బయట మోకాలి లోతు మంచుంది, కనిపించలేదా?"

"కనిపించింది. అయినా తట్టలేదు."

ఆమె గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"మళ్లీ చేతులు కడుక్కుంటాను. నోరు పుక్కిలిస్తాను. గుడ్డలు కూడా మార్చుకుంటాను."

"వద్దు నాన్నా. అయినా రానివ్వలేను. మీకు తెలుసు."

"లోపలున్న పనివాళ్లంతా నా చేతి కింద పెరిగినవాళ్లు. ముసలాయన రాలేదేమని అడిగితే ఏం చెప్తావు?"

"మోకాళ్ల నొప్పులని చెప్తాను."

"అదే చెప్పు. ఇది మాత్రం చెప్పకు."

"చెప్పను."

"తలుపు వేసేయ్, లోపలి వేడి పోతోంది. రేపు ఏమీ తినకుండా వస్తాను. అప్పుడు రానిస్తావుగా?"

"రానిస్తాను నాన్నా."

నిన్న కూడా ఆయన అదే అడిగాడు, ఆమె అదే చెప్పింది.