పనూచో పొట్టలో గాస్పార్

నిదియా కుడి మణికట్టు బెణికి మూడు రోజులైంది. కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని, చల్లారిన పొయ్యి పక్కన కూర్చుని, రాబోయే శనివారం గురించి బెంగపడుతోంది. మా ఊరి బజారు వరండాలో మూడో కమాను కింద ఆ పొయ్యి వాళ్ళమ్మ పెట్టింది. ఊరి ఉత్సవం మొదలయ్యే శనివారం ఎవరి పొయ్యి వెలగదో వాళ్ళ చోటు వరసలో తర్వాతి వాళ్ళకి పోతుంది. అది ఇక్కడి కట్టుబాటు, అమ్మ పేరు చెప్పి ఏడ్చినా ఎవరూ వినరు.

వడ్డించడానికి మేనకోడళ్ళున్నారు. పనూచోలు చేసే మనిషే లేదు. మొక్కజొన్న రొట్టె పెనం మీద పొంగాలి, దాని పొట్ట అంచున చీల్చి నల్ల చిక్కుడు ముద్ద కూరాలి, పంది కొవ్వులో కరకరలాడేలా వేయించాలి. ఒంటి చేత్తో అయ్యే పనేనా?

"నేనున్నాను కదండీ, దోన్యా నిదియా!" అన్నాడు గాస్పార్. దోన్యా అంటే మా దగ్గర అమ్మగారూ అన్నట్టు.

గాస్పార్ మూడు చక్రాల రిక్షా తొక్కుతాడు. పదకొండేళ్ళుగా సాయంత్రం కాగానే ఆమె బల్ల దగ్గర వాలి నాలుగు పనూచోలు తింటాడు. ఆమె అంటే అతనికి ఇష్టమని ఊరంతటికీ తెలుసు, ఆమెకీ తెలుసు. ఆ ఒక్క మాట తప్ప లోకంలో ఉన్న మాటలన్నీ అతని నోట్లోంచి వస్తాయి.

"నీకు పనూచోలు చెయ్యడం వచ్చా?" అంది నిదియా.

"వచ్చా అని మెల్లిగా అడుగుతారేంటండీ! ప్రొగ్రెసో రేవులో నేను చేపల పడవ మీద పనిచేసే రోజుల్లో వంటవాడికి జ్వరమొస్తే, నలభై మందికి నలభై పనూచోలు చేసి పెట్టాను. నలభై రొట్టెలూ పొంగాయి."

పక్కన క్షవరం షాపు నడిపే ఎర్మిలో పెద్దాయన కుర్చీ ఇటు లాక్కున్నాడు. "నలభైకి నలభైయా? ఒక్కటైనా చప్పబడలేదూ?"

"నలభై ఒకటన్నా. కెప్టెన్ గారి కుక్కకి చేసింది కూడా పొంగింది."

నిదియా నవ్వలేదు. ఇందులో నిజమెంతో తేల్చుకోవాలని చెవులు రిక్కించి వింటోంది. నలభైలో ఇరవై నిజమైనా శనివారం గట్టెక్కుతుంది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? కెప్టెన్ నా భుజం తట్టి, ఒరే గాస్పారూ, విడివిడిగా ఎందుకురా, రేవు మొత్తానికీ కలిపి ఒక్కటి చెయ్యి అన్నాడు. సరే అన్నాను. మనకి కాదనడం రాదు కదా! ఆరు బండ్ల పిండి కలిపించి, రోడ్డు రోలరు తెప్పించి రొట్టె ఒత్తించి, గిడ్డంగి పైకప్పు రేకు ఊడదీసి దాన్నే పెనం చేశాను. ఒక్కసారి తిరగేశానో లేదో, ఉస్సుమని పొంగడం మొదలుపెట్టింది. పొంగింది, పొంగింది, నేల విడిచి లేచిపోయింది! తాళ్ళు కట్టి ఇరవై మంది వేలాడితే గానీ కిందికి రాలేదు."

"లేచిన రొట్టెని కిందికి లాగారా!" అన్నాడు ఎర్మిలో.

"లాగాం. రొట్టె పొంగితే పెళ్ళికి సిద్ధమైనట్టే అంటారు కదా మనవాళ్ళు. ఆ పొంగు చూసి రేవు అధికారి ముగ్గురు కూతుళ్ళూ తెల్ల పెళ్ళి గౌన్లు కుట్టించుకుని వరసలో నిలబడ్డారు." గాస్పార్ ఓరగా నిదియా వైపు చూశాడు. "నేనొప్పుకోలేదనుకోండి. నా మనసు ఈ ఊళ్ళోనే ఉంది."

"అప్పటికి నువ్వు ఈ ఊరు చూడనే లేదు కదరా," అన్నాడు ఎర్మిలో.

"మనసు ముందొచ్చింది, మనిషి తర్వాతొచ్చాడు. మధ్యలో అడ్డురాకన్నా! నిచ్చెన వేసుకుని పొట్ట చీల్చి, పార పట్టుకుని లోపలికి దిగాను. మాట్లాడితే ప్రతిధ్వని వస్తోంది. ఈలోగా తలో రాష్ట్రం నుంచి వచ్చిన నావికులంతా మా వాటా మాకు మా రుచిలోనే కావాలని గొడవ. ఒహాకా వాడికి తీగల్లా సాగే జున్ను కావాలి, సినలోవా వాడు రొయ్యలు లేనిదే ముట్టనన్నాడు, మిచోవకాన్ వాడు కొవ్వులో ఉడికించిన పంది మాంసం బుట్టతో సహా దిగాడు. పొట్టలోనే అడ్డంగా పీచు తాళ్ళు కట్టి ఎవరి భాగం వాళ్ళకి పంచాను. అయినా రొయ్యలు జున్ను సరిహద్దు దాటాయని కొట్టుకున్నారు! విడదీసేసరికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ పడక లోపలే."

"వేయించడం మాటేమిటి?" అంది నిదియా.

"అక్కడికే వస్తున్నా. ఓడ అడుగు ఖాళీ చేయించి నిండా కొవ్వు కాచాను. మనవాళ్ళ వాటాకి నలభై కాగుల చిక్కుళ్ళు, ఉడికించిన నీళ్ళతో సహా ఒక్క చుక్క పారబోయకుండా పొట్టలో గుమ్మరించి, మూత వేసి, దాన్ని కొవ్వులోకి దింపాను. మొదటి ముక్క కొరికినప్పుడు కరకర చప్పుడుకి మెరీదా నగరంలో కిటికీ అద్దాలు పగిలాయి. ఒకప్పుడు ఓడదొంగలు దోచుకున్న కంపేచేలో ముసలివాళ్ళు ఆ దొంగలే మళ్ళీ వచ్చారనుకుని కోట తలుపులు మూసేశారంటే..."

"ఆగు," అంది నిదియా. "చిక్కుళ్ళు నీళ్ళతోనే పోశావా?"

"నీళ్ళతోనేనండీ! రుచంతా అందులోనే కదా."

ఎర్మిలో నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. చిక్కుడు ముద్ద గరిటెకి అంటుకుని వేలాడేంత గట్టిగా లేకపోతే వేడి కొవ్వులో పనూచో పేలుతుందని మా ఊళ్ళో పాలపళ్ళ పిల్లలకి కూడా తెలుసు.

"నలభై కాగుల నీళ్ళు, ఓడెడు కాగిన కొవ్వులో," అంది నిదియా నెమ్మదిగా. "అప్పుడు నువ్వెక్కడున్నావు?"

"అంచునే. గరిటె పట్టుకుని."

"అయితే నువ్వు ఆ రోజే చచ్చిపోయి ఉండాలి కదా, గాస్పార్!"

గాస్పార్ గడ్డం గోక్కున్నాడు.

"పోయానండీ," అన్నాడు చివరికి. "అంత్యక్రియలు బ్రహ్మాండంగా జరిగాయి."

ఎర్మిలో కుర్చీలోంచి జారిపోయేంతగా నవ్వాడు. నిదియాకీ నవ్వు ఆగలేదు. నవ్వుతుంటే మణికట్టు కలుక్కుమంది, దాంతో నవ్వు ఆగి కళ్ళు చెమ్మగిల్లాయి.

"చూడు గాస్పార్, నాకు భయంగా ఉంది," అంది. "శనివారం ఈ పొయ్యి వెలక్కపోతే అమ్మ చోటు పోతుంది. నిజం చెప్పు. జన్మలో ఒక్క పనూచో అయినా నీ చేత్తో చేశావా?"

అతను తన చెప్పుల వైపు చూసుకున్నాడు. ఎర్మిలో కూడా నవ్వడం మానేశాడు.

"లేదు," అన్నాడు గాస్పార్.

అతని నోట ఒక్క మాటతో ఆగిన జవాబు వినడం నిదియాకి అదే మొదలు.

"హమ్మయ్య," అంది.

"ఎందుకండీ హమ్మయ్య?"

"పని వచ్చినవాళ్ళని పెడితే వాళ్ళకి తోచినట్టు చేస్తారు. నిన్నటి నుంచి ఇద్దర్ని చూశాను, ఇద్దరూ నాకే పాఠం చెప్పారు. నీకేం రాదు కాబట్టి నేను చెప్పినట్టు చేస్తావు. నోరు నాది, చేతులు నీవి. రేపు మధ్యాహ్నం నుంచి నేర్పుతాను. మోచేతుల దాకా కడుక్కుని మూడింటికి రా."

"రెండింటికే వస్తాను," అన్నాడు గాస్పార్. ఆ వెంటనే బెరుగ్గా అడిగాడు, "మరి... ఈ కోతలు ఇంక మానెయ్యనా?"

"శనివారం మాత్రం మానకు," అంది నిదియా. "మొదటి వాయి మాడిందంటే, రెండోది దిగేదాకా జనాన్ని కూర్చోబెట్టొద్దూ?"