ఎవురి సేతికీ కొయ్యని మూర

ఏందే అమ్మీ, అట్ట తలకాయ పట్టుకోని కూర్చున్నావు? ఏమి, వెలుగు ముక్కలు ముక్కలుగా వస్తాదని నీ పుస్తకంలో ఉండాదా? అంతేనా! దానికా ఇంత ఏడుపు. వస్తాది. వస్తాదంటే వస్తాదే. నవ్వు, నవ్వు. రెండో తరగతి సదివిన ముసిల్ది, నూలు కండెలు సుట్టి సుట్టి వేళ్లు అరిగిపోయినది, దీనికేం తెలుసులే అనుకుంటాండావు. నీకు సెప్పే అయ్యవారు పుట్టకముందే నాకు సెప్పినోడు ఉండినాడు. మా మరిది వెంకటముని. నీకు సిన్నతాత అవుతాడు. పటం కూడా లేదు వాడిది, నువ్వు యాడ సూసింటావు. ఆ సాప ఇట్ట లాక్కోని కూర్చో. గోడకి ఆనుకోబాక, సున్నం అంటుకుంటాది.

నేను ఈ నగరికి కాపరానికి వచ్చేతలికి మా అత్త లేదు. ఇంట్లో ముగ్గురు. మా మామ ఎల్లప్ప, మీ తాత (పేరు నువ్వే సెప్పుకో, నేను సెప్పను), ఇంగ నేను. వెంకటముని పట్నంలో సదవతా ఉండినాడు. మన ఈదిలో అంత దూరం సదివినోడు వాడొక్కడే. ఏం సదవతాడురా నీ తమ్ముడు అని అడిగితే మీ తాత, 'ఏమో, లోకం ఎట్ట నడస్తాదో అదంట' అనేవోడు. మా నాయన మాత్రం, 'లోకం ఎట్ట నడస్తాదో మగ్గంగుంటలో కూర్చుంటే తెలీదా, దానికి రైలెక్కి పోవాల్నా' అని నవ్వేవోడు. మా నాయన నోరు అట్టాంటిది. పుత్తూరు సంతలో ఒకసారి ఏమైందంటే... సరేలే, అది ఇంగోటి. యాడున్నాను? ఆ, పట్నం.

జపానోడు బాంబులేస్తాడని పట్నమంతా ఖాళీ అయిపోయిన ఏడు అది. ఏకాంబరకుప్పం స్టేషన్లో రైలు ఆగితే జనం కాదు, మిడతల దండు. సట్లు, కుండలు, కోళ్లు, కుట్టుమిషను నెత్తిన పెట్టుకోని ఒకాయమ్మ. ఆ గుంపులో మావాడు ఇనప పెట్టె మోసుకోని దిగినాడు. గుడ్డలేమో సంకలో సిన్న మూట. పెట్టె తీస్తే అన్నీ పుస్తకాలే. కాలేజీ మూసేసినారంట. ఇంగొక్క ఏడు ఉండాది పరీచ్చకి. సన్నగా, పొడుగ్గా, కళ్లు మాత్రం ఇంత పెద్దవి, ఎదురుంగా ఉండేదాన్ని కాకుండా దాని ఎనకాల ఇంకేదో సూస్తా ఉన్నట్టుండేవోడు. అన్నం పెడితే కూర కలపడం మరిసిపోయేవోడు. నాకు నవ్వొచ్చేది, కోపమూ వచ్చేది. అంత సదివినా నోట్లో మాట మాత్రం మన మాటే, పట్నం మాట అంటలేదు.

మా మామ వాడిని నా పక్కన కండెలు సుట్టేదానికి కూర్చోబెట్టినాడు. ఇంగ సూడు. నా రాట్నం ఒక పక్క, వాడి రాట్నం ఒక పక్క, నడాన వాడి మాటలు. 'వదినా, అర పోగు నేయగలవా నువ్వు?' అన్నాడు ఒకనాడు. అర పోగేంది, మతి పోయిందా అన్నాను. 'అదే. నూలు మోసుకోని నాడె ఇట్టనించి అట్ట పోతే ఒక పోగు. పోకపోతే లేదు. సీర ఎంత నున్నగా ఉన్నా, దగ్గిర పెట్టి సూస్తే పోగులు పోగులే గదా. వెలుగు కూడా అంతే. ధారగా పారతా ఉండాదనుకుంటాం. కాదు. సిటికెలు సిటికెలుగా వస్తాది. అర సిటికె అనేది లేదు. జర్మనీలో ఒకాయన కనిపెట్టినాడు' అన్నాడు. అప్పుడు మిట్టమద్దేనం. తాటాకు కప్పులో సిల్లుల్లోంచి ఎండ మగ్గం మింద పడతా ఉండాది. నూలు దుమ్ము దాంట్లో మెల్లగా తేల్తా ఉండాది. నేను సెయ్యి సాపి ఆ ఎండ కింద పెట్టినాను. ఏమనిపించిందో తెలుసునా, నా అరిసేతిలో ఎవురో సిటికెడు సిటికెడు పోస్తా ఉన్నట్టు. ఆపొద్దు నేను సుట్టిన కండెలు ఎన్నని, నాలుగో అయిదో. మా మామ తిట్టినాడు.

అట్టా రోజుకొకటి. 'వదినా, తిరుమలకి నడిసి ఎక్కినావు గదా, ఈ మెట్టు మిందన్నా ఉండాల, పై మెట్టు మిందన్నా ఉండాల, రెండు మెట్ల నడాన గాల్లో నిలబడలేవు గదా' అన్నాడు. ఎలక్ట్రాను అని రవ్వలో రవ్వ ఒకటి ఉండాదంట, అది కూడా మెట్ల మిందనే ఉంటాదంట. కింద మెట్టుకి దూకితే ఒక సిటికె వెలుగు. అట్ట దూకబట్టే దీపాలు ఎలగతాయంట. ఇంగోనాడు మీ తాత మగ్గం నేస్తా ఉంటే, 'వదినా, నాడె ఇప్పుడు యాడుండాది?' అన్నాడు. అదిగో అన్నాను. 'అనేలోపల పాయె గదా. యాడుండాదో సూడాలంటే పట్టుకోవాల. పట్టుకుంటే ఇంగ అది పోదు. ఎంత జోరుగా పోతాదో కావాల్నంటే యాడుండాదో అడగబాక, ఆ రవ్వల సంగతి అంతే. మన కళ్లు బాగాలేక కాదు, లోకమే అట్ట నేసినారు' అన్నాడు. ఎవురు నేసినారు అంటే నవ్వతా కండె మార్చుకున్నాడు. నిజం సెప్తాను అమ్మీ, సగం ఎక్కేది, సగం పక్కనించి పొయ్యేది. కానీ ఆ మాటలు ఇంటా ఉంటే నా మనసు తేలిపోయేది. పొయ్యి మింద సంగటి మాడిన వాసనొస్తే గానీ దిగేది కాదు.

కొన్నాళ్లకి పట్నంలో భయం తగ్గింది. కాలేజీ తెరిసినాము, పదైదు దినాల్లో రాకపోతే నీ సీటు ఇంగొకరికి పోతాది అని కాగితం వచ్చింది. వాడు కాగితం తీసుకోని వాళ్ల నాయన ముందర నిలబడినాడు. మా మామ మాట తక్కువ మనిసి. ఆయన సేతిలో నాడె మాట్లాడాలే గానీ ఆయన మాట్లాడడు. అప్పుటికి నాకు అయిదో నెల. యుద్ధంతో నూలు దొరక్క, దొరికినప్పుడే బిరబిరా నేసుకోవాల. ఇంట్లో రెండు సేతులు పోతే ఎట్ట జరగతాది? మా మామ, 'రేపు పడుగు సాపతాం. ఈదంతా ఉంటాది. నువ్వు సదివేది ఏందో మాకందరికీ సెప్పు. పోగు ఎరిగినోళ్లకి అర్తం కాని సదువు సదువు కాదు. నాకు తెలిస్తే పో. తెలీకపోతే మగ్గంలో కూర్చో' అన్నాడు. అంతే మాట.

పడుగు సాపడం నువ్వు సూళ్లేదు గదా, ఇప్పుడన్నీ మరమగ్గాలాయె. అప్పుట్లో తెల్లారేతలికి పడుగుని, అదే మగ్గంలో నిలువు నూలుని, ఈది పొడుగునా సాపి, గంజి పెట్టి, కుంచెల్తో దువ్వి, ఎండ ముదరకముందే సుట్టెయ్యాల. ఒక ఇంటోళ్లతో అయ్యే పని కాదు. ఒకరి పడుగుకి అందరూ రావాల. ఆపొద్దు పని అయినాక అందరికీ మజ్జిగ పోసినాను. తిన్నెల మింద కూర్చున్నారు. మావాడు నడాన నిలబడి మొదలు పెట్టినాడు. ఎంత బాగా సెప్పినాడనుకున్నావు! అర పోగు లేదన్నాడు, అందరూ తలకాయలు ఊపినారు. మెట్ల సంగతి సెప్పినాడు, 'గోవిందా' అన్నారు. నాడె సంగతి సెప్పేతలికి పక్కింటి గంగులమ్మత్త లేసి, 'మా ఇంటాయన అంతే నాయనా, ఇంట్లో ఉండాడా అని సూస్తే ఉండడు, పనేమన్నా సేస్తాడా అని సూస్తే ఉంటాడు' అనింది. ఈదంతా ఘొల్లుమనింది. ఓబయ్య మామ, 'అయితే దేవుడికి కూడా తెలీదారా నాడె యాడుండాదో?' అన్నాడు. 'ఆయన్నే అడగాల మామా, నా సదువు అంత దూరం రాలేదు' అన్నాడు మావాడు. మా మామ మీసాల కింద రొంత నవ్వినాడు. నేను సూసినా.

ఇంగ ఒక్కటి మిగిలింది. లోకంలో కొన్ని కొలతలు ఉండాయి, అవి ఎప్పుటికీ మారవు అని సెప్పాల. వెలుగు ఎంత బిన్నె పరిగెత్తతాదో, అదొకటి. సిటికెలు కొలిసే గంటె ఒకటుండాదంట. ఎర్ర వెలుగు సిటికె సిన్నది, నీలం వెలుగు సిటికె పెద్దది, కానీ ఏదైనా గానీ కొలిసే గంటె మాత్రం ఒకటే. ఆ గంటె కొలత ఒకటి. ఎలక్ట్రానులో కరెంటు ఎంతుండాదో అదొకటి. 'నగరిలో ఎంతో, సంద్రం అవతల అంతే. సుక్కల్లో కూడా అంతే' అన్నాడు. ఎవురికీ ఎక్కలేదు. గురప్పన్న ఆవలించినాడు. మావాడికి తత్తరపాటు వచ్చింది, అట్టా ఇట్టా సూసి, తిన్నె మింద ఉన్న మా ఇంటి మూరకర్ర తీసుకున్నాడు.

ఆ కర్ర సంగతి నీకు సెప్పాల. మన నేతోళ్లలో ఇంటి పెద్ద సెయ్యి, మోసేతినించి నడిమేలు కొన దాకా కొలిసి కర్ర కోస్తారు. ఆ ఇంట్లో పడుగైనా సీరైనా ఆ కర్రతోనే కొలిసేది. గురప్పన్న ఇంటి మూర మా మూర కంటే అంగుళం తక్కువ. ఎవురి ఇంటి మూర వాళ్లది. పెద్దాయన కాలం అయినాక ఆ కర్ర ఆయనతోపాటే కాటిలో పెట్టేసి, కొడుకు సేతికి కొత్తది కోస్తారు. మనిసి బతికుండగా కొత్త కర్ర మాట ఎత్తకూడదు. పసిబిడ్డకి కూడా తెలుసు. మావాడికీ తెలుసు, కానీ ఆపొద్దు వాడి మనసంతా సుక్కల్లో ఉండాది. కర్ర పైకెత్తి, 'ఇది మా నాయన సేతికి కోసింది. మా నాయన పోతే ఈ కొలత ఆయనతోనే పోతాది, మా అన్న సేతికి ఇంగోటి కోస్తాము. నేను సెప్పేది ఎవురి సేతికీ కొయ్యని మూర. ఎవురు పోయినా అది పోదు' అన్నాడు.

అనేసినాక తెలిసింది వాడికి. గంగులమ్మత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకునింది. మా మామ లేసినాడు, వాడి సేతిలో కర్ర తీసుకున్నాడు, లోపలికి పోయి తలుపు దగ్గిరికేసుకున్నాడు.

ఆ తర్వాత మగ్గంలో కూర్చోలేదు ఆయన. అన్నం తింటాడు, పోయి ఆ లోపలింట్లో ఒక్కడే కూర్చుంటాడు. పది దినాలు. మావాడు కాళ్ల మింద పడినాడు, 'నాయనా తప్పయింది' అని. ఆయన తలకాయ నిమిరినాడు గానీ పొమ్మనీ అనలేదు, ఉండమనీ అనలేదు. కాగితంలో గడువు ఇంగ రెండు దినాలే. దాసి ఏం లాభం అమ్మీ, నాకు లోపల సంతోసంగానే ఉండాది. వాడు నోరు జారినాడు, ఇంగ యాడికీ పోడు, నా పక్కన కండెలు సుడతాడు, ఆ మాటలు సెప్తా ఉంటాడు అని. వాడి మొకం మాత్రం సూళ్లేక తల దించుకోని రాట్నం తిప్పేదాన్ని.

ఆపొద్దు మామకి నేను అన్నం పెడతా ఉంటే ఆయన ముద్ద సేతిలో పట్టుకోని, 'మే నాగరత్నా, వాడు సెప్పింది నీకు తెలిసిందా?' అన్నాడు. ఆ కడపటి మాట, మారని మూర మాట, నాకేం తెలుసు? తెలీలేదు మామా అంటే అయిపాయె. నా నోటి దాకా వచ్చింది. వాకిట్లో రాట్నం ఆగిపోయింది, వాడు ఇంటా ఉండాడు. 'తెలిసింది మామా' అన్నాను. 'ఎవురి సేతికీ కొయ్యలేదంటాడే, మరి ఎవురు కోసినారంట?' అన్నాడు. 'అది ఇంగా ఎవురికీ తెలీదంట, దానికే సదవాల్నంట' అన్నాను. ఆయన సెయ్యి కడుక్కోని లోపలికి పోయి మూరకర్ర తెచ్చి, సెయ్యి దాని పక్కన పెట్టినాడు. సూస్తే నడిమేలు కొనకి, కర్ర కొనకి నడాన రెండు వేళ్ల ఎడం. వయసుకి ఆ సెయ్యి వంగిపోయింది, ఇంగ సాగదు. 'వాడి మింద నాకు కోపం లేదు మే. ఆపొద్దు లోపలికి పోయి కొలుసుకున్నా. దినమూ కొలుసుకుంటాండా. నేనుండగానే నా కొలత తప్పిపోయింది. తప్పనిది ఒకటుండాదంటే పొయ్యి సూడమను' అన్నాడు. అని, మగ్గంగుంటలో దిగి కూర్చున్నాడు.

పోయినాడు. నేనే సద్ది కట్టిచ్చినా. ఏడాదిన్నర దాకా జాబులు రాసేవోడు, పేరు మా మామది, లోపల 'వదిన సదివి వినిపించాల' అని. కూడబలుక్కోని సదివేదాన్ని. ఒక జాబులో, పరీచ్చ అయినాక అయ్యవార్ల దగ్గిరే ఉండి నూనె సుక్కలు గాల్లో సల్లి, అవి కరెంటుకి పైకి లేస్తా కింద పడతా ఉంటే గాజులోంచి సూసి, ఎలక్ట్రాను కొలత తనే కొలిసినానని రాసినాడు. 'అమెరికాలో కొలిసినా అంతే వచ్చింది నాయనా, నా సేత్తో కొలిసినా అంతే వచ్చింది' అని. అదే కడపటి జాబు. నలబై నాలుగులో, పట్నంలో విషజ్వరం. మీ తాత పట్నం సేరేతలికి అంతా అయిపోయింది. పెట్టె మాత్రం తెచ్చినాడు.

మా మామ నన్నొక మాట అనలేదు. అనుంటే బాగుండేది. దినమూ మద్దేనం నా రాట్నం పక్కన వచ్చి కూర్చునేవోడు. 'మే, ఆ నూనె సుక్కల సంగతి ఇంగోసారి సెప్పు' అనేవోడు. సెప్పేదాన్ని. 'ఆ గంటె సంగతి సెప్పు.' సెప్పేదాన్ని. తెలిసిందని అబద్దమాడినదాన్ని, తెలీదని ఎట్ట అనేది? యాడన్నా తడబడితే ఆయన అడిగేవోడు, 'అట్టెట్టా?' అని. రాత్రంతా ఆలోసించి మరసనాటికి సెప్పేదాన్ని. మూడేండ్లు సెప్పినాను, ఆయన పొయ్యేదాకా. సెప్పి సెప్పి, ఒకనాడు ఉన్నట్టుండి నాకు నిజంగానే తెలిసింది. రాట్నం ఆపేసి, ఓరే మునీ, తెలిసిందిరా, అని వాడు కూర్చునే పక్కకి తిరిగినాను...

మిద్దె మింద మెరపకాయలు ఎవురన్నా తీసినారా? మోడం పట్టింది సూడు. లెయ్, లేసి పో, గోనెపట్ట కూడా ఎత్తుకోని పో.