కురుమమ్మ అవ్వ చెప్పే క్లైమాక్సులు

ఏందీ, మీ అమ్మానాయనల సంబంధం ఎవరు కుదిర్చిన్రు అనా? మీ అమ్మ చెప్పలేదా నీకు? ఎట్ల చెప్తది, సగం చెప్పంగనే నవ్వుకు దమ్ము ఆడది ఆమెకు. కూసో తరుణ్ అల్లుడా, ఆ ఫ్యాన్ జర ఎక్కువ పెట్టు. మీ అమ్మ ప్రేమకు, నాకు నాయనమ్మ ఉండె, కురుమమ్మ అని. మేమంత అవ్వ అంటుంటిమి. ఆమెనే కుదిర్చింది. కుదిర్చింది అంటే... ముందుగాల చెడగొట్టింది, తర్వాత కుదిర్చింది. నవ్వకు, ఆగు, మొదటికెళ్లి చెప్త. అవ్వ పాలమూరు దిక్కుకెళ్లి వచ్చింది పట్నం, మా తాత పెద్దులుతోని. ఇద్దరూ తట్ట మోసిన్రు. తాత జల్ది పోయిండు. మా నాయన ఎంకయ్య అప్పటికి చంకల పిల్లగాడు. ఆయన్ని ఇసుక కుప్ప మీద పండవెట్టి అశోక్ నగర్ల ఇండ్లు లేపింది మా అవ్వ. ముసల్దయినంక ఆ గల్లీలల్ల ఆమెతోని నడుసుడంటే పెద్ద పరేషానే! ఏ గేటు తెరిచి ఉన్నా లోపటికి పోతది, గోడ మీద చెయ్యి వెట్టి "ఇది నేను మోసిన ఇటుకనే" అంటది. ఒకపారి దోమలగూడల ఎవరింట్లనో పెండ్లయితుంటే సీద లోపలికి పోయి, మెట్లు చూసుకొని, బువ్వ తిని మరీ వచ్చింది. "వాళ్లు నిన్ను పిలిచిన్రా అవ్వా?" అంటే, "మెట్లు పిలిచినయ్‌రా" అన్నది. ఏం చెప్తవు ఇగ?

ఏడున్న నేను? ఆ, సిన్మాలు. తొంబై మూడు అనుకో. చిక్కడపల్లి దాటి క్రాస్ రోడ్ల కాడికొస్తే అన్నీ టాకీసులే. కొత్త సిన్మా వడ్డదంటే మగోళ్ల లైన్ల అంగీలు చినుగుతుండె. అందుకే మా ఇంటిల్లిపాదికి టికెట్లు అవ్వనే తెచ్చేది, ఆడోళ్ల లైన్ల నిలవడి. కొంగు నడుముకు చెక్కేది, మోచేతులు గిట్ల రెండు దిక్కుల పెట్టేది, ఇగ చూస్కో, ఎవ్వరన్న దాటుతరా? అందరం లోపలికి పోతుంటిమి, అవ్వ గూడ వస్తుండె. గానీ మా ఇంట్ల ఎప్పుడూ ఓ చంటిపిల్ల ఉంటుండె, నా పిల్లలో, చుట్టాల పిల్లలో. సిన్మా షురూ అయిన పది నిమిషాలకు అది కేరుమనేది. అవ్వ ఎత్తుకొని బయటికి. ఇగ అయ్యేదాంక వరండల్నే. తలుపు సందుకెళ్లి పాటలు, ఏడ్పులు వినుడే. మేం గమనించలే అల్లుడా. అన్ని ఏండ్లు ఒక్కరం గూడ గమనించలే. సిగ్గుండాలె మాకు.

ఎట్ల బయటపడ్డదంటే, మాపటికి బస్తీ ఆడోళ్లను కూసుండవెట్టుకొని అవ్వ సిన్మా కథ చెప్పేది. మా ఇంటి ఓనరమ్మ కమలాకుమారి గారు గూడ వినేది, ముంగట ఇంట్ల ఆమె, ఎన్కాల రెండర్రల్ల మేం కిరాయికి. కాలేజీల లెక్చరర్, ఆంధ్ర మనిషి. ఒకనాడు ఆగబట్టలేక, "అదేంటి కురుమమ్మా! ఆ తల్లి చివర్లో చనిపోతుంది కదా, నేను నిన్ననే చూశాను. నువ్వేమో కూతురి పెళ్లికి గారెలు వండిందంటున్నావేంటి?" అన్నది. అవ్వ ఆమెను కింది నుంచి మీదికి చూసి, "ఎన్కసీట్ల కూసున్నరేమో అమ్మా, మీకు సక్కగ గవుపడలే" అన్నది! పాపం కమలాకుమారి గారు కండ్లద్దాలు తీసి తుడుచుకున్నది. తర్వాత మేం గట్టిగ అడిగితే, "మొదలు నేను చూస్తి గదా. ఆఖరుకు ఏమైతదో నాకెర్క లేదా? ఇంత బతుకు బతికిన" అన్నది. ఆమె క్లైమాక్సులల్ల ఏ తల్లీ చావది. తప్పిపోయినోళ్లు ఇంటికొచ్చి కడుపునిండ తింటరు. విలన్‌ను జైల్ల వెయ్యది, నడెండల తట్ట మోయిస్తది!

ఇగ మీ నాయన. రాఘవేందర్ బావ అడిక్‌మెట్‌కెళ్లి పిల్లను చూడనీకి వచ్చిండు, వాళ్లమ్మ హనుమమ్మతోని. చాయ్ తాగి, మెల్లగ, "జర మాట్లాడుకుంటం, మ్యాట్నీకి పోతం" అన్నడు. మా నాయన ఎగిరిండు, "పెండ్లి గాకముందు సిన్మానా? మా ఇంటా వంటా లేదు!" అని. అవ్వ అన్నది, "నేను నడుమల కూసుంటలేరా, లొల్లెందుకు?" అయిపాయె. అవ్వ నడుమల, వీళ్లు చెరో దిక్కు, నేను ఎన్కాల వరుసల. కాపలాకు కాపలా. చంకల పిల్ల లేకుండ అవ్వ టాకీసుల కూసున్నది అదే మొదటిసారి. ఇంటర్వెల్ దాంక మంచిగనే ఉన్నది. తర్వాత, అబ్బో! ముందటికి వంగింది, కొంగు నోట్ల కుక్కుకున్నది, మీ నాయన చెయ్యి పట్టుకొని పిసుకుడు షురూ చేసింది. "ఓ పిల్లా, ఎన్కకు చూడు, ఎన్కకు చూడవే!" అని ఒర్రింది. హాలంత ఈలలు. ఆఖరుకు ఆ సిన్మాల తల్లికి కత్తిపోటు వడ్డది. అంతే, అవ్వ లేసి నిలవడ్డది. "ఎట్ల సస్తదిరా ఆమె? ముగ్గురు పిల్లలున్నరు, పొయ్యి మీద బువ్వ ఉన్నది, సచ్చేటందుకు ఆమెకు తీరిక ఏడున్నది?" హాలు మొత్తం సప్పట్లు! పరద పడ్డంక గేటు కాడి ఆయన వచ్చి, "లెవ్వు అవ్వా, ఫస్ట్ షోకు ఊడ్వాలె" అంటే, "లెవ్వను. ముందుగాల ఆమెను బతికియ్యి" అన్నది. ఆయనెట్ల బతికిస్తడు? ఇగ అవ్వనే బతికిచ్చింది. అక్కడ్నే, సీట్ల నడుమ నిలవడి, ఆ తల్లి బొడ్లె చెక్కుకున్న ఇంటి తాళాలకు కత్తి తగిలిందని చెప్పవట్టె. పోయేటోళ్లు పోకుండ ఆగిన్రు. మీ అమ్మ మొఖానికి చున్నీ కప్పుకున్నది. మీ నాయన ఏం జేసిండో ఎర్కనా? మెట్ల మీద కూసొని, "మరి చిన్న పిల్ల ఏమైంది అవ్వా?" అని అడుగుతుండు!

గానీ మాట హనుమమ్మ దాంక పోయింది. "పదిమందిల మొత్తుకునే ఇల్లు మనకొద్దు" అని కబురొచ్చింది. ప్రేమ బువ్వ ముట్టలే. అవ్వనైతే చూడలేకపోయినం. "నా నోరు పాడుగాను, పోరి బతుకు ఖరాబ్ చేస్తి" అని మూలకు కూసున్నది. నాల్గు దినాలు కథ లేదు. బస్తీ ఆడోళ్లు వచ్చి, చూసి, పోతుండె. ఐదో దినం పొద్దుగాల తలుపు కాడ ఎవరనుకున్నవ్? హనుమమ్మ! ఎన్కాల మీ నాయన, తల గోక్కుంట. ఇంకో నాల్గు మాటలు అననీకి వచ్చిందనుకొని మా నాయన గోడకానుకున్నడు. ఆమె వచ్చి అవ్వ ముంగట సాప మీద కూలవడి, "పెద్దమ్మా, మావోడు ఆ కథ మొదలు పెడ్తడు, నడుమల ఆపి నవ్వుతడు. సగం సగం ఇంటుంటే నాకు పని తోస్తలేదు. తాళాలకు తగిలినంక ఆమె ఏం జేసిందో నువ్వే చెప్పు" అన్నది. అవ్వ మొఖం జూడాలె అప్పుడు! కొంగు చెక్కింది, షురూ చేసింది. కమలాకుమారి గారు పేపర్లు దిద్దుడు ఇడిసిపెట్టి వచ్చింది. విలన్ తట్ట కింద పడి మూలుగుతుంటే హనుమమ్మ నవ్వి నవ్వి, కండ్లు తుడుసుకొని, "ముహూర్తం పెట్టియ్యి అన్నా" అన్నది మా నాయనతోని. అట్ల అల్లుడా.

పెండ్లయినంక మీ అమ్మ నెలకోపారి అవ్వను సిన్మాకు తీస్కపోతుండె. మంచి సీట్ల కూసుండవెట్టేది. అవ్వ మొత్తం చూసేది గానీ, ఆఖరు రీలు రాంగనే లేసేది. "మిగిలింది నేను బయట జేసుకుంట బిడ్డ" అని. నువ్వు పుట్టినప్పుడు నిన్ను ఎత్తుకొని గూడ పోయింది. తొంబై ఎనిమిది ఎండకాలం అవ్వ మంచం పట్టింది... అప్పుడు పక్కన నేనే ఉన్న. "జగదీశ్వరూ" అని పిలిచింది. పిలిచి, చెయ్యి పట్టుకొని...

ఏయ్, మామిడికాయలు తెచ్చినవ్ గదా, మీ అత్త ఏడ వెట్టింది? పో, కత్తి వట్టుకరా. కోస్త.